కంకణం కట్టిన కంప్రెషర్

మా మందిరంలో సప్తాహం మొదలయ్యే రోజు ఉదయం, దీక్ష తీసుకునేవాళ్లందరికీ కంకణం కడతారు. పసుపు నీళ్లలో తడిపిన నూలు దారం, దానికి ముడివేసిన ఒక పసుపు కొమ్ము, అంతే. మనుషుల తరువాత మృదంగానికీ, హార్మోనియానికీ, మైకు స్టాండుకూ కడతారు. అవి కూడా మాతో పాటు సప్తాహమంతా నామం చెయ్యాలి కాబట్టి వాటికీ ఆ గౌరవం ఉండాలని పురాణం చెప్పే మా పెద్దాయన మాట. ఒక సంవత్సరం ఆయన మా పంచరు షాపు కంప్రెషర్‌కు కూడా కంకణం కట్టారు.

నవ్వించడానికి ఇది రాయడం లేదు. కంకణం మీద నాకు ఎంత గురి ఉందో, ఆ దారం కట్టిన చోటును చూస్తే అంత భయం వేసింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవని నాకు ఆ సప్తాహంలోనే తెలిసింది.

మా పంచరు షాపు ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే రోడ్డు పక్కన ఉంది. రోడ్డుకు అవతల మందిరం. షాపులో ఉండేది నేనూ నా భార్యా. చక్రం విప్పడం, టైరు ఊడదీయడం నా పని. అతుకు వెయ్యడం, గాలి పట్టడం ఆమె పని. మొదట్లో గాలి కూడా నేనే పట్టేవాణ్ని. పైపు పట్టుకుని కూర్చుంటే నాకు తెలియకుండానే నోట్లో నామం మొదలవుతుందని, నామం మొదలైతే నాకు గాలి కొలత చూపించే గేజీ కనపడదని ఆమె అంటుంది. ఒక మోటార్ సైకిల్ ట్యూబు ఆ విధంగా పగిలింది. నామం వల్ల పగిలిందని నేను ఒప్పుకోలేదు. పగిలిందని మాత్రం ఒప్పుకున్నాను. అప్పటినుంచి గాలి సంగతి ఆమె చూసుకుంటోంది.

నేను బడిలో చదివింది తక్కువ. నాయన గొర్రెలు కాసేవాడు. ఆయన వెంట తిరిగే వయసులో మా అవ్వ నన్ను సాయంత్రాలు మందిరానికి తీసుకుపోయి పెద్దాయన ముందు కూర్చోబెట్టేది. పెద్దాయన మా ఊరి రైతు కుటుంబం మనిషి. మందిరం స్థలం వాళ్లదే. ఆయన పురాణం రాగయుక్తంగా చదివి, అర్థం చెప్పి, మరునాడు మమ్మల్ని అడిగేవారు. తప్పు చెబితే కోప్పడేవారు కాదు, సరైన మాట వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేవారు. కోప్పడి ఉంటే త్వరగా ఇంటికి పోయేవాళ్లం. నాకు అక్షరమూ ఆలోచనా రెండూ అక్కడే అబ్బాయి. ఇప్పుడు ఆయన బాగా పెద్దవారయ్యారు. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు.

కంప్రెషర్ చిన్నదే. అడ్డంగా పడుకోబెట్టిన ట్యాంకు, దాని నెత్తిన మోటారూ పంపూ, రెండింటినీ కలిపే బెల్టు. కింద రెండు చక్రాలు, లాక్కుపోవడానికి ఒక పిడి. పొలంలో ట్రాక్టరు టైరు దిగిపోతే దాన్ని ఆటోలో ఎక్కించుకుని పోయి, బోరు షెడ్డు దగ్గర కరెంటు తీసుకుని గాలి పడతాం.

ఈ శరీరం తొమ్మిది వాకిళ్ల ఇల్లని పెద్దాయన చెప్పేవారు. అలా చూస్తే కంప్రెషర్‌కు నాలుగు వాకిళ్లు. గాలి లోపలికి పోయేది ఒకటి, దానికి దుమ్ము పోకుండా ఫిల్టరు ఉంటుంది. గాలి పైపులోకి వచ్చేది ఒకటి. ట్యాంకు అడుగున నీళ్లు వదిలేది ఒకటి. ఇక పైన, వేలెడంత ఇత్తడి ముక్క, దాని కొసన ఒక చిన్న ఉంగరం. అది సేఫ్టీ వాల్వు. ట్యాంకులో గాలి ఉండాల్సినదానికంటే ఎక్కువైతే అది తనంతట తాను పైకి లేచి, పక్కనున్న బెజ్జాల్లోంచి ఎక్కువైన గాలిని బయటికి వదిలేస్తుంది. మిగతా మూడు వాకిళ్లూ రోజూ పనిచేస్తాయి. ఇది మాత్రం ఏ పనీ లేకుండా కూర్చుంటుంది. దానికి పని లేనంతకాలం మనకు మంచిదే. పని పడిన రోజున అది లేవలేకపోతే ట్యాంకు పగులుతుంది. పగిలితే పక్కన కూర్చున్నవాళ్లు మిగలరు.

పక్కన కూర్చునేది నా భార్య.

ఆమె ఆ యంత్రాన్ని ఒక పద్ధతి మీద చూసుకుంటుంది. సాయంత్రం దీపం పెట్టే ముందు ట్యాంకులో గాలి తగ్గించి, అడుగున ఉన్న మర తిప్పుతుంది. తుప్పు రంగు నీళ్లు వస్తాయి. గాలితో పాటు లోపలికి పోయిన చెమ్మ అక్కడ నీరవుతుంది. వదలకపోతే ట్యాంకును లోపలినుంచి తినేస్తుంది. టీ కోసం ఆగిన లారీ డ్రైవర్లు అది చూసి అడుగుతారు.

"ఏందమ్మా, గాలి మిషన్లో నీళ్లు పోసినావా?"

"నేను పొయ్యలే. గాలే తెచ్చుకునింది."

వాళ్లు నమ్మరు. ఆమె నమ్మించాలని చూడదు.

భజనకు వచ్చేవాళ్లతో ఆమెకు ఇంకో తగాదా ఉంది. పొలం నుంచి నేరుగా మందిరానికి వస్తూ కొందరు షాపు దగ్గర ఆగి, ఒంటి మీది దుమ్ము గాలితో కొట్టమంటారు.

"అక్కా, వీపు మీద ఒక్కసారి కొట్టు. ఇట్టా మట్టితో మందిరంలోకి ఎట్టా పోయేది?"

"బోరింగు కాడ కడుక్కోని పో. ఈ గాలి తోలు కిందికి దూరిందంటే నిన్ను మందిరానికి కాదు, ఆస్పత్రికి తీసకపోవాల."

"గాలి దూరేదేంది అక్కా, నేనేమన్నా ట్యూబునా?"

"ట్యూబయితే అతికిస్తా. నిన్ను అతికించేది నాకు రాదు."

ఆ ఎండాకాలం నుంచి ప్రెషర్ స్విచ్ మొరాయిస్తూ ఉంది. ట్యాంకు నిండగానే మోటారును ఆపాల్సింది అదే. కొన్నిసార్లు ఆపేది, కొన్నిసార్లు ఆపేది కాదు. ఆపనప్పుడు సేఫ్టీ వాల్వు బుస్సుమని లేచేది, ఆ చప్పుడు విని నా భార్య గోడ మీది స్విచ్ ఆపేసేది. ఆత్మకూరులో మెకానిక్‌ను అడిగితే కొత్తది వెయ్యాలి, సామాను నెల్లూరు నుంచి రావాలి అన్నాడు. తరువాత ఎప్పుడు ఫోన్ చేసినా, బస్సులో వేశారు, వస్తోంది అనేవాడు. ఆ బస్సు ఏ దారిన వస్తోందో మాకు అర్థం కాలేదు. అది వచ్చేలోగా ఆమె గేజీ మీద కన్ను వేసి, ముల్లు ఎర్ర గీతను తాకకముందే చేత్తో ఆపుతూ వచ్చింది. అంటే అప్పటికి ఆ ట్యాంకుకు కాపలా రెండే. ఆమె కన్ను ఒకటి, ఆ ఇత్తడి వాల్వు ఒకటి.

సప్తాహానికి ముందురోజు మందిరం శుభ్రం చేశాం. ఫ్యాన్లకూ సౌండు బాక్సులకూ పట్టిన దుమ్ము గుడ్డకు రాదు. కంప్రెషర్ లాక్కొచ్చి గాలితో ఊదాం. ఉదయగిరి నుంచి వచ్చిన హార్మోనియం ఆయన తన పెట్టె మూత తీసి, దీంట్లో కూడా కొంచెం ఊదమన్నాడు. నా భార్య గాలి బాగా తగ్గించి, దూరం నుంచి ఊదింది.

"ఇంకొంచెం గట్టిగా ఊదమ్మా" అన్నాడాయన.

"గట్టిగా ఊదితే మీ స్వరాలన్నీ రోడ్డు మీద ఏరుకోవాల" అని ఆమె పైపు చుట్టేసింది.

పని ముగిసేసరికి పొద్దు పోయింది. కంప్రెషర్‌ను ఆ రోజుకు మందిరంలోనే, మైకు స్టాండు పక్కన వదిలేశాం.

మరునాడు ఉదయం సంకల్పం జరిగింది. పెద్దాయన మాకందరికీ కంకణాలు కట్టి, మృదంగానికి కట్టి, హార్మోనియానికి కట్టి, మైకు స్టాండుకు కట్టి, తరువాత ఏముందో తడుముకుంటూ వచ్చారు. కంప్రెషర్ తగిలింది.

"ఇదేందిరా?"

"కంప్రెషర్ సామీ" అన్నాను. "నిన్న ఫ్యాన్లు దీంతోనే తుడిచినాము."

"సేవ చేసినట్టే గదా" అన్నారాయన. చెంబులో దారం ఇంకా మిగిలి ఉంది.

ఆయన దాని మణికట్టు కోసం వెతికారు. ట్యాంకు లావుగా ఉంది. మోటారు ఇంకా లావు. సన్నగా, మెడలాగా, కొసన ఉంగరంతో ఒకటి చేతికి తగిలింది. ఆ ఉంగరాన్నీ, దాని కింది మెడనూ, మెడ నిలబడ్డ పైపునూ కలిపి దారం చుట్టారు. చాలా చుట్లు చుట్టారు. ప్రేమగా కట్టేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎక్కువే చుడతారు. ముడి మీద పసుపు ముద్ద అద్దారు. తరువాత గుండ్రటి గేజీ అద్దం చేతికి తగిలింది. అది ముఖం లాగానే ఉంటుంది. దానికి గంధం పూసి, నడిమధ్య కుంకుమ పెట్టారు. అంతసేపూ మేమందరం ఆయన వెంట మంత్రం చెబుతున్నాం. మంత్రం మధ్యలో వేరే మాట రాకూడదు. మంత్రం ముగిసేసరికి ముడి పడిపోయింది.

నేను దగ్గరికి పోయాను.

"సామీ, దారం కట్టినకాడ వాల్వు ఉండాది. గాలి ఎక్కువైతే అది పైకి లెయ్యాల."

"లెయ్యనీరా."

"దారం బిగుసుకోని ఉండాది సామీ, లెయ్యలేదు."

"కట్టిన కంకణం సప్తాహం అయ్యేదాకా విప్పకూడదు. నీకు తెలియంది కాదు."

"తెలుసు సామీ."

"స్వామి చూసుకుంటాడు, పో."

ఆ మాట మీద నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు. అయితే స్వామి చూసుకునే పనుల్లో కొన్నింటిని మన చేతే చేయిస్తాడని కూడా మాకు చెప్పింది పెద్దాయనే. అది ఆయనకు గుర్తు చేద్దామనుకున్నాను. వెనక తాళాలు మొదలయ్యాయి. నామం మొదలైతే ఇక చర్చ లేదు.

కంప్రెషర్‌ను రోడ్డు దాటించి షాపులోకి తెచ్చాను. నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏందిది?"

"కంకణం."

"అది కనపడతాండాది. యాడ కట్టినారో చూసినావా?"

"చూసినా."

"గేజీకి బొట్టెవురు పెట్టినారు?"

"ఆయనే."

"ముల్లు యాడుండాదో ఇంక నాకెవురు చెప్తారు? ఆయనొచ్చి చెప్తాడా?"

ఆమెకు భక్తి తక్కువని ఎవరూ అనుకోవద్దు. కత్తెర ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాని వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం చూపు తిప్పుకున్నాం. దీక్ష మధ్యలో కంకణం తెంచడమన్నా, పెట్టిన బొట్టు చెరపడమన్నా మాలో ఎవరికీ చెయ్యి రాదు. అది ఇంటికి మంచిది కాదు. ట్యాంకు పగలడం కూడా ఇంటికి మంచిది కాదు. మధ్యేమార్గంగా, మోటారు గొంతు బరువెక్కేదాకా చూసి చెవితోనే ఆపుతానని, స్విచ్ దగ్గరనుంచి కదలనని ఆమె అంది. ఆ రోజంతా అలాగే నడిపింది. మందిరంలో నామానికి నా వంతు లేనప్పుడల్లా నేనూ పోయి నిలబడ్డాను. ఇద్దరం మాట్లాడుకోకుండా మోటారు విన్నాం. మా కాపురంలో అంత శ్రద్ధగా ఇద్దరం కలిసి విన్నది ఇంకేదీ లేదు.

సప్తాహంలో నామం తెగకూడదు. అందుకని వంతులు వేసుకుంటాం. వంతులో కూర్చున్న మనిషి, తన తరువాతివాడు వచ్చి తాళాలు చేతికి అందుకునేదాకా లేవకూడదు. రెండో రోజు పొద్దున నా వంతు. మందిరం గుమ్మంలోంచి రోడ్డూ, రోడ్డు అవతల మా షాపు చూరూ కనపడతాయి. కంప్రెషర్ కనపడదు, వినపడుతుంది.

బద్వేలు వైపు పోయే లారీ ఒకటి షాపు ముందు ఆగింది. కాసేపటికి మోటారు మొదలైంది. మామూలుగా మొదలై, మామూలుగా బరువెక్కింది. ఇక ఆగాలి. ఆగలేదు. లారీ ఇంజను కూడా ఆపలేదు, దాని గురగుర ఒకవైపు. నేను నామం చెబుతూ ఉన్నాను. మోటారు ఇంకా బరువెక్కింది. తాళాలు నా చేతిలో ఉన్నాయి, నామం నా నోట్లో ఉంది, చెవి మాత్రం రోడ్డు దాటి పోయింది. బుస్సుమనే చప్పుడు కోసం చూశాను. దారం చుట్టిన ముక్కులోంచి ఆ చప్పుడు రాదని తెలిసి కూడా చూశాను.

నాకు తెలియకుండానే నా తాళం వేగం పెరిగింది. నా వేగం చూసి మృదంగం ఆయన పెంచాడు. మృదంగం పెరిగేసరికి హార్మోనియం పెరిగింది. వెనక పలికేవాళ్లు ఊపిరి అందక నామాన్ని సగంలో మింగుతున్నారు. ఒక ముసలామె కళ్లు మూసుకుని ఊగిపోతోంది. నేను స్వామిని అడిగింది ఒకటే, నా భార్యను ఆ ట్యాంకు దగ్గరనుంచి లేపమని. ఏ విధంగానైనా సరే, కోపం తెప్పించైనా సరే.

మోటారు ఆగింది. తాళం నెమ్మదించింది. వంతు దిగినాక మృదంగం ఆయన నా భుజం తట్టి, "ఇయ్యాల మంచి ఊపు మీద ఉండావే" అన్నాడు.

రోడ్డు దాటి పరుగెత్తాను. నా భార్య షాపు బయట, కంప్రెషర్‌కు దూరంగా, రాతి మీద కూర్చుని ఉంది. లోపల పైపు కొస తెరిచి ఉంది, ట్యాంకులోని గాలి సన్నగా బయటికి పోతోంది. లారీ వెనక చక్రానికి వాల్వు మూత బిగుసుకుపోయిందంట. నువ్వే తియ్యాలని డ్రైవరు గొడవ పెట్టుకుంటే, ఒక్క నిమిషమని స్విచ్ దగ్గరనుంచి లేచి అటు పోయిందంట. ఇంజను చప్పుడులో మోటారు వినపడలేదు. తిరిగొచ్చేసరికి మోటారు మూలుగుతోంది. గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"బుస్సుమనలే" అంది. "ఎప్పుడూ అనేది, అనలే."

నేను ఆమె పక్కన రాతి మీద కూర్చున్నాను.

"సరే, నాకొకటి చెప్పు. దీక్షలో ఉండేవాళ్లు యాపారం చెయ్యొచ్చునా?"

"చెయ్యకూడదు."

"పొలిమేర దాటొచ్చునా?"

"దాటకూడదు."

"అయితే ఇది కూడా చెయ్యదు, దాటదు." లేచి లోపలికి పోయి దాని మీద ఒక తుండుగుడ్డ కప్పేసింది.

దీక్షా నియమాలు నాకు కంఠతా వచ్చు. ఎంత వెతికినా ఆమె మాటలో తప్పు దొరకలేదు.

ఆ పూట వచ్చిన గిరాకీ అంతా ఇదే మాట విని పోయింది. గొర్రెపిల్లను ముందు కూర్చోబెట్టుకుని మోపెడ్ మీద వచ్చిన మా దాయాది ఒకాయన మాత్రం పోలేదు.

"మిషన్ దీక్షలో ఉండాదన్నా, గాలి పట్టదు" అంది ఆమె.

"మాలేసుకునిందా ఏంది?"

"కంకణం కట్టించుకునింది. మర్రిపాడుకు పో."

"మర్రిపాడు దాకా పొయ్యే గాలుంటే నీకాడ ఎందుకు ఆగతాను తల్లీ?"

ఆమె లోపలికి పోయి పాత చేతిపంపు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చొక్కా విప్పి కొట్టడం మొదలుపెట్టాడు. గొర్రెపిల్లను నేను పట్టుకున్నాను. "దీక్ష దానిది, పస్తు నాది" అని ఆయన వగరుస్తూ అన్నాడు.

మధ్యాహ్నం, పుస్తకం ముందు తెరిచి పెట్టుకుని కంఠతా పురాణం చెప్పడం అయినాక పెద్దాయన, సందేహాలుంటే అడగండి అంటారు. మామూలుగా అడిగేది మగవాళ్లే, అవి కూడా ఆయన చెప్పాలనుకున్నవే అడుగుతాం. ఆ రోజు నా భార్య చేతుల గ్రీజు కడుక్కుని వచ్చి ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. లేచి నిలబడింది.

"సామీ, దీక్షలో ఉండే మనిషి ఊపిరి తీసుకోవచ్చునా?"

మందిరంలో ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఆయన ఏ ప్రశ్ననూ చిన్నది చెయ్యరు.

"తీసుకోవాలమ్మా. ఊపిరి బిగబట్టి చావమని ఏ శాస్త్రమూ చెప్పలేదు."

"వాకిళ్లు మూసెయ్యొచ్చునా?"

"ఏ వాకిళ్లు?"

"ఒంటికుండే వాకిళ్లు సామీ. మీరే చెప్తారు గదా."

"వాటిని అదుపులో పెట్టుకోవాల. మూసేస్తే మనిషే ఉండడు."

"మీరు కంకణం కట్టింది మిషన్ మణికట్టుకు కాదు సామీ, ముక్కుకు. పొద్దున దానికి ఊపిరాడలే. పక్కన నేనుండా."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన చెబుతున్న చోట గుర్తు పెట్టి, పుస్తకం మూసి, "చూపించు" అని లేచారు.

వంతులో ఉన్నవాళ్లు నామం అందుకున్నారు. మిగతావాళ్లం ఆయన వెంట రోడ్డు దాటాం. లారీలు ఆగి దారి ఇచ్చాయి. ఆయన కంప్రెషర్ ముందు కూర్చుని, తుండుగుడ్డ తీసి, ట్యాంకులో గాలి లేదని ఆమె చెప్పాక వేళ్లతో దారం తడిమారు. మంత్రం చెప్పుకుంటూ ఒక్కొక్క చుట్టూ విప్పారు. కత్తెర అడగలేదు. విప్పిన దారాన్ని కింద పెట్టకుండా తన కుడిచేతికి, తన కంకణం పక్కనే కట్టమని నాకు అందించారు. దాని దీక్ష సప్తాహం అయ్యేదాకా ఆయన మొయ్యాలి కదా. కట్టాను.

"ఇంక లేస్తాదా?" అని అడిగారు.

"ఆ ఉంగరం పట్టుకోని లాగండి సామీ" అంది నా భార్య. "గాలి లేకపోయినా కదలాల."

ఆయన లాగారు. కదల్లేదు. రెండు వేళ్లు దూర్చి గట్టిగా లాగారు. కదల్లేదు. తడి పసుపు మెడ లోపలికి దిగి, బెజ్జాల్లో ఎండి, ఇత్తడితో కలిసి రాయిలా గట్టిపడింది. దారం విప్పినా ఆ వాకిలి మూసుకునే ఉంది.

ఆయన ఉంగరం వదిలేశారు.

"దీని పక్కన కూర్చోనుండావా అమ్మా నువ్వు?"

"నిన్నంతా సామీ. ఇయ్యాల పొద్దున కూడా."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు నాకు చెప్పినావు గదరా?"

"చెప్పినా సామీ."

"నేనేమన్నాను?"

"స్వామి చూసుకుంటాడన్నారు."

"చూసుకున్నాడు. నీ పెళ్లాన్ని పంపించినాడు." అని, మళ్లీ "రెండుసార్లు పంపించాల్సి వచ్చింది. మొదట నిన్ను పంపితే నేను వినలేదు" అన్నారు.

వాల్వు కడిగి వాడుకోవచ్చునని ఎవరో అన్నారు. నా భార్య ఒప్పుకోలేదు. ఒకసారి పట్టేసిన వాల్వును నమ్మనంది. కొత్తది ఆత్మకూరులోనే దొరకాలి. నేను కంకణం కట్టుకున్నవాణ్ని, పొలిమేర దాటకూడదు. ఆమెకు దీక్ష లేదు. పాత వాల్వు ఊడదీసి, ట్యాంకు మీది రేకులో ఎంత గాలికి తట్టుకుంటుందని రాసి ఉందో ఫోన్లో ఫోటో తీసుకుని బస్సెక్కింది.

తిరిగొచ్చి ఆమె చెప్పిన దాన్నిబట్టి మెకానిక్ షాపులో జరిగింది ఇది.

"స్విచ్ బస్సులో వేసినారమ్మా, వస్తాండాది."

"ఏ బస్సో చెప్పు. ఎదురుగానే గదా డిపో, పోయి నేనే దించుకుంటా."

అతను కొంతసేపు డిపో వైపు చూసి, లోపలికి పోయి, అమ్మకానికి పెట్టిన కొత్త మిషన్ నుంచి స్విచ్ ఊడదీసి తెచ్చాడు. వాల్వు అడిగితే, దీనికంటే గట్టిది ఉంది, ఇంకా ఎక్కువ గాలికి గానీ లేవదు, తీసుకోమన్నాడు. అది ఆలస్యంగా లేస్తే ఆలోగా తట్టుకోవాల్సింది మా పాత ట్యాంకు, వద్దని ఆమె రేకు ఫోటో చూపించి దానికి తగ్గదే తెచ్చింది.

మరునాడు పొద్దున రెండూ బిగించాం. గేజీ అద్దం పెద్దాయన స్వయంగా తన ఉత్తరీయంతో తుడిచారు. తుడిచి, స్టూలు లాక్కుని కంప్రెషర్ పక్కన కూర్చోబోయారు.

"అక్కడ కూర్చోవద్దు సామీ" అంది నా భార్య.

"నువ్వు కూర్చున్న చోటే గదమ్మా. ఒక్కసారి నేను కూర్చుంటా. నిన్నటి నుంచి పస్తు కూడా ఉండాను."

"మిమ్మల్ని పస్తుండమని నేననలే. వాల్వు మార్చమన్నా. అది మార్చినాము. మొదటిసారి నింపేటప్పుడు పక్కన ఎవురూ ఉండకూడదు, నేను కూడా ఉండను. పైగా మీ పంచె బెల్టులో పడతాది. గోడ ఇవతలికి రండి."

ఆయన వచ్చారు. మందిరంలో చెప్పే మనిషిలా కాకుండా, చెప్పించుకునే మనిషిలా వచ్చారు. మేమందరం గోడ వెనక నిలబడ్డాం. ఆమె స్విచ్ వేసి తానూ వచ్చి నిలబడింది. మోటారు మొదలైంది. బరువెక్కింది. ఇంకా బరువెక్కింది. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చేతికి రెండు కంకణాలు.

టక్కుమని ఆగింది.

"ఆగిందా?"

"ఆగింది సామీ."

"నువ్వు ఆపినావా?"

"నేనీడ ఉండా గదా. దానంతట అదే."

ఆమె పోయి, ముఖం పక్కకు తిప్పుకుని, వాల్వు ఉంగరం లాగింది. గాలి బుస్సుమని పైకి కొట్టింది. పెద్దాయన ఉలిక్కిపడి గట్టిగా నామం అన్నారు. ఆయన అంటే పలకడం మాకు అలవాటు కాబట్టి గోడ వెనక అందరం ఒక్క గొంతుతో పలికాం. నా భార్య ఉంగరం వదిలి, చెవి రుద్దుకుని, "మీ భజన అయినాక ఆయన్ని అన్నం తినమను" అని నాతో చెప్పి, రోడ్డు మీద ఎదురుచూస్తున్న ట్రాక్టరు ఆయన్ను లోపలికి పిలిచింది.